ఉంగరంతో వేసిన నాలుగు నాణేలు

ఆ ఉదయం ఆకాశం మంచు కురిపిస్తానని బెదిరించి, కురిపించకుండా ఊరుకుంది. బూడిదరంగు మబ్బు రాగి గని గుట్టల మీదికి దిగి అక్కడే కూర్చుండిపోయింది. డెల్మర్ వంటింటి కిటికీలోంచి దాన్ని చూసి బండి తాళాలు జేబులో వేసుకున్నాడు. అతను అనుకున్న పని చిన్నదే. నోరీన్ హోటల్లో కాఫీ తాగాలి, మూలనున్న జూదం మిషను మీద పది డాలర్ల చిల్లరతో పేక ఆడాలి, మధ్యాహ్నానికి ఇంటికి రావాలి.

చర్చి వంటకి బంగాళాదుంపలు సంచిలో వేసుకుంటున్న ఐరిస్ తల ఎత్తలేదు.

"గుర్తుందిగా. ఒక్కటి."

"గుర్తుంది."

మూడేళ్ల కిందట ఇంటి పైకప్పు కోసం దాచిన డబ్బును ఆ మిషను మింగింది. ఐరిస్ పెట్టె సర్దుకుని ఎల్కోలో చెల్లెలి ఇంటికి వెళ్లి, చలికాలమంతా రాలేదు. పొయ్యి వెలిగిస్తే ఇల్లు ఖాళీగా ఉందని మరీ తెలిసిపోతుందని డెల్మర్ ఆ చలికాలం డబ్బాలో బీన్సు చల్లగానే తిన్నాడు. వసంతంలో ఆమె ఒక షరతు మీద తిరిగి వచ్చింది. ఆడితే ఆడుకో, ఆటకి ఒక్క నాణెమే. ఐదు వేశావని తెలిసిన రోజు పెట్టె మళ్లీ బండెక్కుతుంది, ఈసారి దిగదు.

జూదానికి పేరుపడ్డ నెవాడాలో పుట్టినవాడికి ఇది మామూలు శిక్ష కాదు. కళావరో ఇస్పేటో, ఒకే రంగులో పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే దాన్ని రాయల్ అంటారు. ఒక పావు డాలరు వేసినవాడికి అది రెండువందల యాభై నాణేలు ఇస్తుంది. ఐదు వేసినవాడికి అంతకి ఐదింతలు ఇవ్వాలి కదా, ఇవ్వదు. ఏకంగా నాలుగు వేలు ఇస్తుంది, అంటే వెయ్యి డాలర్లు. అందుకని ఆ ఊళ్లో ఒక్క నాణెంతో ఆడేవాణ్ణి దారి తప్పి వచ్చిన పరాయివాడి కింద జమకట్టేవారు.

డెల్మర్‌కి అటు భార్య కావాలి, ఇటు పరువూ కావాలి. కాబట్టి ఒక నాణెం నిజంగా వేసి, తరవాత పెళ్లి ఉంగరంతో మిషను అంచుని నాలుగుసార్లు తట్టేవాడు. పక్క స్టూలు మీద రోజూ కూర్చునే లైల్‌కి చూపు మందం గాని చెవులు చురుకు. గనిలో కూడా రాయి చప్పుడు విని, పక్కకి తప్పుకుని బతికినవాడు. మూడేళ్లుగా అతని లెక్కలో డెల్మర్ ఐదు నాణేల మనిషే.

రాయల్ నలభై వేల పంపకాలకి ఒకసారి పడుతుందని లైల్ రోజూ చెప్పేవాడు. డెల్మర్ ఏనాడో నలభై వేలు దాటేశాడు. "అదేం వరస టోకెన్ కాదురా, నీ వంతు రావడానికి. ప్రతిసారీ మళ్లీ మొదట్నించే నలభై వేలు" అని కూడా లైలే చెప్పేవాడు. చెప్పి తన మిషనులో ఇంకో ఐదు వేసుకునేవాడు.

ఆ పూట కాఫీ సగం అయ్యేసరికి మిషను నాలుగు కళావరు ముక్కలు పంచింది. పది, రాణి, రాజు, ఆసు. ఐదోది ఎందుకూ పనికిరాని మూడు. డెల్మర్ నాలుగూ అట్టేపెట్టి, మూడుని పారేసి, బొత్తాం నొక్కాడు. కళావరు జాకీ వచ్చి కూర్చుంది.

గంట మోగింది. నాణేలు తొట్టిలోకి దబదబా రాలడం మొదలుపెట్టి, కాసేపటికే ఆగిపోయాయి. మిషను కడుపు ఖాళీ అయింది. నెత్తి మీద ఎర్ర దీపం వెలిగింది. ఆ దీపం వెలిగితే తాళాల మనిషి వచ్చి మిగతాది చేత్తో లెక్కపెట్టి ఇవ్వాలి. మామూలుగా అది పెద్ద మొత్తానికే వెలుగుతుంది. తాళాల మనిషేమో నలభై మైళ్ల అవతల ఉంటాడు, దారి మీద కంటికి కనపడకుండా గడ్డకట్టిన నల్లమంచు.

డెల్మర్ నిజం చెబుదామని నోరు తెరిచాడు. ఈలోపల లైల్ వచ్చి వాటేసుకున్నాడు. లైల్ కళ్లు తడిగా ఉన్నాయి. తన జన్మలో తనకి పడకపోయినా కనీసం పక్క స్టూలుకి పడిందన్నాడు. ఆ మాట విన్నాక చెప్పడం ఎవరి తరమూ కాదు. ఎన్ని నాణేలు వేశాడో తెరమీద మూలన కనిపిస్తుంది కాబట్టి డెల్మర్ టోపీ తీసి అక్కడ తగిలించాడు. అదృష్టం చెదరకుండా పెట్టాడని అందరూ అనుకున్నారు.

రాయల్ పడినవాడు అప్పుడు హోటల్లో ఉన్నవాళ్లందరికీ గొడ్డుమాంసం, గుడ్లు పెట్టించడం అక్కడి రివాజు. నోరీన్ అతన్ని అడగలేదు, పెనం మీద నూనె పోసేసింది. తరవాత ఊరికి ఫోన్లు చేసింది. రాత్రి పాళీ దిగిన గని మనుషులు వచ్చారు. పోస్టాఫీసు మూతపడింది. వచ్చిన ప్రతివాడూ డెల్మర్ భుజం చరిచి, ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. డెల్మర్ పళ్లేలు లెక్కపెడుతూ చెమటలు తుడుచుకున్నాడు.

చర్చి వంటింట్లోంచి ఐరిస్ హోటలుకి ఫోను చేసింది. ఫోను తీసింది లైల్.

"ఎన్ని వేశాడు?"

"ఐదమ్మా ఐరిస్. నా చెవులారా విన్నాను. రోజూ ఐదే వేస్తాడు నీ మొగుడు, మగాడు."

అటు ఫోను పెట్టేసిన చప్పుడు లైల్‌కి వినపడింది. సంతోషం పట్టలేక పెట్టేసిందని డెల్మర్‌కి వచ్చి చెప్పాడు.

ఆమె బండి హోటలు ముందు ఆగేసరికి దాని వెనక నీలం పెట్టె ఉంది. డెల్మర్ కిటికీలోంచి ముందు పెట్టెనే చూశాడు. చల్లని బీన్సు రుచి గొంతులోకి వచ్చింది. ఐరిస్ లోపలికి వచ్చి అతని ఎదుట నిలబడింది. నములుతున్నవాళ్లు నమలడం ఆపారు.

"ఎల్కో పోతున్నాను. కుక్కకి తిండి పెట్టాను. ఎన్ని వేశావో నీ నోటితో చెబితే వింటాను."

ఆమె వెనక ఊరు ఊరంతా ఉంది. ఊరి ముందు లైల్ గర్వంగా నిలబడి ఉన్నాడు. డెల్మర్ చూపు టోపీ మీదికి పోయింది, పెట్టె మీదికి పోయింది, మళ్లీ టోపీ మీదికి వచ్చింది. ఐరిస్ తలుపు వైపు తిరిగింది.

"ఒక్కటే" అన్నాడతను.

"వినపళ్లేదు."

డెల్మర్ టోపీ తీసేశాడు. అప్పుడే తాళాల మనిషి చలికి చేతులు రుద్దుకుంటూ లోపలికి వచ్చి, తెర చూసి, ఎవరికీ తెలియని సంగతేం కాదన్నట్టు చెప్పేశాడు. "ఒక నాణెం ఆట. రెండువందల యాభై. అరవై రెండున్నర డాలర్లు."

లైల్ ఒప్పుకోలేదు. తను ఐదు చప్పుళ్లు విన్నానన్నాడు. డెల్మర్ చెయ్యి చాచి, ఉంగరంతో మిషను అంచుని నాలుగుసార్లు తట్టాడు. లైల్ మొహం చూడలేక నోరీన్ పెనం వైపు తిరిగిపోయింది.

ఐరిస్ మాత్రం కదల్లేదు. మిషను అద్దం మీద రాసి ఉన్న అంకెల దగ్గరికి వెళ్లి, కళ్లజోడు పెట్టుకుని, ఒకటి కింద ఏముందో, ఐదు కింద ఏముందో వేలు పెట్టి చదివింది. మూడేళ్లలో ఆమె దాన్ని చదవడం అదే మొదలు.

"అయితే వెయ్యి డాలర్లు వచ్చేవన్నమాట."

"వచ్చేవి."

"ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఐదు వెయ్యలేదా?"

"నువ్వే కదా వద్దన్నావు."

"నేను చాలా అన్నాను. గోడకి రంగు వెయ్యమన్నాను, వేశావా?"

మళ్లీ ఇలా ఎప్పుడు పడుతుందని ఆమె లైల్‌ని అడిగింది. నలభై వేల పంపకాలకి ఒకసారి అని లైల్ నేలవైపు చూస్తూ చెప్పాడు. పోయినవి లెక్కలోకి రావా అంది. రావన్నాడు.

ఐరిస్ కోటు విప్పి, కుర్చీ లాక్కుని కూర్చుంది. నోరీన్ ఆమె ముందు ఒక పళ్లెం పెట్టింది, డెల్మర్ ముందు ఒకటి పెట్టింది. లైల్ తన పళ్లెం తెచ్చుకుని అదే బల్ల చివర కూర్చున్నాడు. అరవై రెండున్నర డాలర్లు ఆ హోటల్లో సగం బల్లలకి కూడా చాలవని అందరికీ తెలుసు. అయినా ఎవరూ లేవలేదు. చల్లారిన మాంసాన్ని తలలు వంచుకుని తిన్నారు. బయట బండిలో నీలం పెట్టె మీద అప్పుడు మంచు పడటం మొదలైంది.

ఐరిస్ కత్తి పళ్లేనికి తగిలి మోగుతోంది. ఒక్కో ముక్కకి ఐదు చప్పుళ్లు, ఐదూ నిజమైనవే.