ఐదో మాస్టారు

ఆ రోజు పొద్దున్న ధనుంజయరావు అద్దం ముందు నిలబడి టై కట్టుకుంటూ, జరగబోయేదంతా భార్య పుణ్యవతికి పూసగుచ్చినట్టు చెప్పాడు. పదింటికి యూనివర్సిటీ మేడం వస్తుంది. పదిన్నరకి ఇడ్లీ తింటుంది. పదకొండుకి ఫారం చూస్తుంది, పన్నెండుకి సంతకం పెడుతుంది. ఒంటిగంటకల్లా తాను ఇంటికొచ్చి, పప్పుచారు పోసుకుని తిని, ఓ కునుకు తీస్తాడు. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఇందులో చివరికి సవ్యంగా జరిగింది ఆవిడ పదింటికి రావడం ఒక్కటే.

ధనుంజయరావు రాయగడలో ఒక ప్రైవేటు కాలేజీలో బి.బి.ఎ. విభాగానికి హెడ్డు. యూనివర్సిటీ నిబంధన ప్రకారం ఆ విభాగంలో ఐదుగురు రెగ్యులర్ మాస్టార్లుండాలి. ఆయనతో కలిపి నలుగురున్నారు. ఐదో పేరు ఎస్. సత్తిబాబు. ఈ సత్తిబాబు ఆయనకి స్వయానా తమ్ముడు, బిస్సమ్ కటక్‌లో చింతపండు, అల్లం హోల్‌సేలు కొట్టు నడుపుతాడు. ఎప్పుడో దూరవిద్యలో ఎం.బి.ఎ. పాసయ్యాడు. ఆ పట్టా కొట్లో దేవుడి పటాల పక్కన మేకుకి వేలాడుతూ ఉంటుంది. రెండేళ్ళ కిందట మేనేజ్‌మెంటు వారు "కొత్తవాళ్ళని ఇప్పుడు వెయ్యలేం, ఎలాగో సర్దండి" అంటే ధనుంజయరావు సర్దాడు. సరుకు పండిన చోటి నుంచి కొనేవాడి చేతికి ఎలా చేరుతుందో చెప్పే సప్లై చైన్ అనే పేపరుకి ఎదురుగా తమ్ముడి పేరు రాసేశాడు. సరుకు సంగతి తెలిసినవాడే కదా, మరీ అంత అబద్ధమేం కాదని మనసుకి నచ్చజెప్పుకున్నాడు. మనసు వినలేదు గానీ, ఫారం కిమ్మనలేదు.

ఫారంలో ఇంకో గడి ఉంటుంది. ఏ సబ్జెక్టులో పిల్లలు ఎంత నేర్చుకున్నారో నూటికి ఇంత అని వెయ్యాలి. ఎవరూ చెప్పని సప్లై చైన్‌కి ధనుంజయరావు తొంభై ఒకటి వేశాడు. తొంభై వేస్తే కల్పించినట్టుంటుందని ఆ ఒకటీ కలిపాడు. స్టాటిస్టిక్స్ చెప్పే సుహాసిని మాత్రం పిల్లలకి పరీక్ష పెట్టి, కాగితాలు దిద్ది, వచ్చింది వచ్చినట్టు యాభై నాలుగు అని రాసిచ్చింది.

సుహాసిని గుణుపురం దగ్గర రైతుల పిల్ల. పెద్ద చదువే చదివింది. నాలుగేళ్ళుగా గెస్టు లెక్చరరుగానే ఉండిపోయింది. మొన్న జూన్‌లో గుమ్మం దగ్గర నిలబడి, "సార్, రెగ్యులర్ పోస్టు ఏదైనా ఖాళీ ఉన్నాదా? ఈ యేడుతో నా కాంట్రాక్టు అయిపోతాది," అని అడిగింది. ధనుంజయరావు ఫారంలో ఐదో పేరు మీద మోచెయ్యి ఆనించి, "ఖాళీ లేదమ్మా," అన్నాడు. ఆ పిల్ల "సరే సార్" అని వెళ్ళిపోయింది. అప్పట్నుంచి ఆవిడ ఎదురైతే ఆయన ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఈసారి వచ్చిన చిక్కేమిటంటే, మాస్టార్లందరూ ఎదుట ఉండాలని యూనివర్సిటీ వారు రాశారు. అందుకే టై ముడి బిగించి తమ్ముడికి ఫోను చేశాడు.

"ఒరే సత్తీ, బయల్దేరేవా?"

"ఇయ్యాల సంత కదా అన్నియ్యా! కొండోళ్ళు దిగీ రోజు. లక్ష్మీపూర్ నుండి అల్లం లారీ కూడా వచ్చీసింది. అయినా నువ్వేటీ బెంగెట్టుకోకు. నీ కాడ కుర్సీ ఖాళీగా ఉండదు. నాది పూసీ."

ఆ మాటలో ఉన్న ప్రమాదం ధనుంజయరావుకి తట్టలేదు. వాళ్ళ కొట్లో అది తాతల నాటి పద్ధతి. సావుకారు కుర్చీ ఖాళీగా ఉండకూడదు. ఆయన భోజనానికి వెళితే భార్య కూర్చుంటుంది, ఆవిడ లేస్తే బావమరిది కూర్చుంటాడు. ఇంటివాళ్ళలో ఎవరు కూర్చుంటే వాళ్ళే సావుకారు. "సావుకారున్నాడా?" అని ఎవరైనా అడిగితే, కూర్చున్న మనిషి "ఉన్నాను, ఏటి గావాల?" అంటారు. ఆ పద్ధతి కాలేజీకి కూడా చెల్లుతుందని సత్తిబాబు మనస్ఫూర్తిగా నమ్మాడు.

ధనుంజయరావు కాలేజీ గేటు దగ్గర మూడో సంవత్సరం క్లాసు లీడరు బిందుశ్రీని పక్కకి పిలిచి, "అమ్మీ, సప్లై చైన్ ఎవరు చెప్పారని అడిగితే సత్తిబాబు సార్ అను. అంతే," అన్నాడు. ఆ పిల్ల ఏదో అనబోయి, సరేనని తలూపింది.

పదింటికి ప్రొఫెసర్ లిప్సా వచ్చింది. బరంపురంలో పెరిగిన మనిషి, తెలుగు బాగానే మాట్లాడుతుంది. ఇడ్లీ వైపు కన్నెత్తి చూడలేదు. స్టాఫ్ రూంలో కూర్చుని తిన్నగా ఫారం అడిగింది.

"సప్లై చైన్ తొంభై ఒకటి, స్టాటిస్టిక్స్ యాభై నాలుగు. ఒకటే పిల్లలు కదండీ?"

"ఒకటే పిల్లలు మేడం."

"అయితే తేడా చెప్పేవాళ్ళలో ఉందన్నమాట. సుహాసిని ఎవరు?"

మూలన కూర్చున్న సుహాసిని లేచి నిలబడింది.

"మీ కాంట్రాక్టు ఈ నెలాఖరుతో అయిపోతుందట. పొడిగించమని నేను రాయలేనమ్మా. ఈ సత్తిబాబు గారి క్లాసులో కొన్నాళ్ళు కూర్చుని ఉంటే మీకే మంచి జరిగేది."

సుహాసిని మొహం కందిపోయింది. బల్ల దగ్గరికొచ్చి, వంగి ఫారం చూసింది. "సార్, ఈ సత్తిబాబు ఎవులు సార్?" అంది మెల్లగా.

"తరవాత చెప్తానమ్మా."

"రెగ్యులర్ పోస్టు అని ఉన్నాది సార్."

"తరవాత అన్నాను కదా!"

ఒక్క ముక్క చెబితే ఆ పిల్ల పరువు నిలబడేది. ఆ ముక్క ధనుంజయరావు నాలిక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. తన మీద తనకే రోత పుట్టింది.

లిప్సా మేడం క్లాసుకి వెళ్ళింది. ధనుంజయరావు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెనక నడిచాడు. మాస్టార్ల పేర్లు అడిగి వదిలేస్తుందనుకుంటే, ఆవిడ బోర్డు మీద ఒక ప్రశ్న రాసింది. లమ్తపుట్ కొండ మీద అల్లం తవ్వారు, అది విశాఖపట్నంలో హోటలుకి చేరాలి, దారిలో ఎక్కడెక్కడ పాడవుతుంది, ఎవరు ఆపగలరు? అయిపోయింది నా పని అనుకుని ఆయన కళ్ళు మూసుకున్నాడు.

పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. కడిగిన తడి ఆరకుండా గోనెల్లో కట్టేస్తారని ఒకరు, లారీ నిండేదాకా రెండు రోజులు ఎండలో ఉంచేస్తారని ఇంకొకరు. హోటలువాడు వారానికెంత వాడతాడో ముందే కనుక్కుంటే కొండ మీద అంతే తవ్వొచ్చని బిందుశ్రీ బోర్డు మీద గీతలు గీసి మరీ చూపించింది. ధనుంజయరావు నోరు తెరుచుకుని విన్నాడు. అందులో సగం ఆయనకే తెలీదు.

"భలే! ఎవరు చెప్పారమ్మా మీకు?" అంది లిప్సా మేడం.

బిందుశ్రీ హెడ్డు సారు వైపు చూసింది. తల దించుకుని, "సత్తిబాబు సార్ అండి," అంది.

"ఆయన్ని చూడాల్సిందే!"

వెనక్కి వచ్చేసరికి స్టాఫ్ రూంలో ఐదో కుర్చీలో ఒకాయన మెళ్ళో ఎర్ర టైతో ఇడ్లీ తింటున్నాడు. సత్తిబాబు కాదు, వాడి బావమరిది గంగయ్య. ఉల్లిపాయల వ్యాపారి.

"సత్తిబాబు గారా?" అంది లిప్సా మేడం ఆదరంగా.

"ఉన్నానండి," అన్నాడు గంగయ్య లేచి.

"మీ పద్ధతి నాకు తెలియాలి. ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో మీరెలా పసిగడతారు?"

గంగయ్య ఉల్లిపాయల గురించే అనుకున్నాడు. "సెయ్యెట్టి సూస్తానండి. నొక్కితే మెత్తగా ఉన్నాదనుకోండి, పక్కన పెట్టీడమే."

ఆవిడ 'ప్రాక్టికల్' అని రాసుకుంది. "పక్కన పెట్టినవాళ్ళ సంగతి?"

"సంత సివర్లో వచ్చినకాడికి ఒదిలించుకుంటానండి."

ఆవిడ పెన్ను ఆగింది. సరిగ్గా అప్పుడే సత్తిబాబు భార్య గౌరీశ్వరి ఆయాసపడుతూ లోపలికొచ్చింది. తొమ్మిదైనా మరిది జాడ లేదని పుణ్యవతి కంగారుపడి ఈవిడకి ఫోను చేసిందట.

"బావగారూ, బస్సు లేటయిపోనాది. నా కుర్సీ ఏదండీ?" అంటూనే తమ్ముణ్ణి చూసింది. "నువ్వెందుకొచ్చేవురా?"

"బావే పంపేడే."

"తమరెవరమ్మా?" అంది లిప్సా మేడం.

గౌరీశ్వరి కొట్లో అలవాటు కొద్దీ పమిట సర్దుకుని, "సత్తిబాబునండి. ఏటి గావాల సెప్పండి," అంది.

ధనుంజయరావు "అంటే మేడం, వీరు కూడా..." అని ఏదో అల్లబోయాడు. అల్లిక పూర్తి కాకుండానే, జుట్టునిండా గోనె పీచుతో, చేతులకి చింతపండుతో అసలు సత్తిబాబు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"మనసొప్పలేదు అన్నియ్యా, నానే వచ్చీసేను!"

"మరి కొట్లో ఎవులున్నారు?" అని అరిచింది గౌరీశ్వరి.

"నువ్వున్నావు కదేటి?"

"నానిక్కడుంటే అక్కడెలాగుంటాను? సచ్చేం! సంత పూటా కుర్సీ ఖాళీ!"

ముగ్గురూ యూనివర్సిటీని మరిచిపోయి ఒకరినొకరు తిట్టుకోవడం మొదలుపెట్టారు. లిప్సా మేడం హాజరు పట్టీ తీసింది.

"ఎస్. సత్తిబాబు?"

"ఉన్నాం," అన్నారు ముగ్గురూ.

"ఐదుగురు ఉండాల్సిన చోట ఏడుగురున్నారు హెడ్డుగారూ. ఎవరిని లెక్కపెట్టమంటారు?"

ధనుంజయరావుకి తల కొట్టేసినట్టయింది. ఆ గదిలో ఎవరి మొహమూ చూడలేకపోయాడు, ముఖ్యంగా మూలనున్న మొహం. "ఎవరినీ వద్దు మేడం," అన్నాడు. "సత్తిబాబు నా తమ్ముడు. ఒక్క రోజూ క్లాసు చెప్పలేదు. ఆ తొంభై ఒకటి నేను వేసిందే."

"మరి ఆ పిల్లలకి పాఠం చెప్పిందెవరు?"

"నాకు తెలీదు మేడం."

పొద్దుట్నుంచీ ఆయన చెప్పిన మాటల్లో ఇంత నిజమైనదీ లేదు, ఇంత సిగ్గుచేటైనదీ లేదు. బిందుశ్రీని పిలిపించారు. ఆ పిల్ల ఒకసారి హెడ్డు సారుని, ఒకసారి సుహాసినిని చూసింది.

"సుహాసిని మేడమేనండి. టైంటేబుల్లో ఆ పీరియడు కాడ 'కొత్త మాస్టారు' అని ఉంటాదండి. ఎవులూ రారండి. రెండేళ్ళ బట్టి ఆ మేడమే వచ్చి సెప్తన్నారు. పొద్దున్న హెడ్డు సార్ అలాగ సెప్పమన్నారని..."

"మీ గది ఎక్కడండీ?" అంది లిప్సా మేడం, ధనుంజయరావుతో.

"ఆ క్లాసు పక్కదే మేడం."

"మధ్యలో గోడా?"

"చెక్క తడిక మేడం."

ఆవిడ 'తడిక' అని రాసుకుంది. సుహాసిని వైపు తిరిగి, "ఇందాక నేనన్నేసి మాటలన్నాను, ఎందుకు చెప్పలేదమ్మా?" అంది.

"ఎవులూ అడగలేదండి. పిల్లలు ఊరకనే కూకుంటే సూళ్ళేకపోయేను," అంది సుహాసిని.

భూమి చీలితే దూరిపోదామనిపించింది ధనుంజయరావుకి. రాయగడ భూమి గట్టిది, చీలలేదు. నలుగురి ముందూ సుహాసిని దగ్గరికి నడిచి వెళ్ళాడు. కాలేజీ భాష ఎటు పోయిందో, ఇంటి భాషే వచ్చింది. "అమ్మా, జూన్‌లో నువ్వడిగినప్పుడు ఖాళీ ఉన్నాది. నానే కప్పెట్టీసేను. నీకు మొకం సూపించలేకపోతన్నాను." సుహాసిని బల్ల మీది తన కాగితాలు సర్దుకుంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండునని ఆయనకి అనిపించింది. తమ్ముడి కుటుంబం అప్పటికే ఆటో పిలుచుకుని, కొట్టు ఏమైపోయిందోనని బస్టాండు వైపు పరుగు తీసింది.

లిప్సా మేడం సత్తిబాబు పేరు కొట్టేసి, కింద రెండు వాక్యాలు రాసింది. ఐదో పోస్టులో సుహాసినిని వేస్తేనే వచ్చే ఏడాది అడ్మిషన్లు. పిల్లలు ఏ సబ్జెక్టు ఎంత నేర్చుకున్నారో సుహాసిని కొత్తగా పరీక్షలు పెట్టి, ఫారం మళ్ళీ నింపాలి, హెడ్డు సబ్జెక్టుతో సహా. రెండేళ్ళు వెయ్యలేమన్న మేనేజ్‌మెంటు వారు, అడ్మిషన్ల మాట చూసి నాలుగో రోజున ఉత్తర్వు ఇచ్చేశారు.

శనివారం సాయంత్రం సుహాసిని నింపిన ఫారం తెచ్చి ధనుంజయరావు బల్ల మీద పెట్టింది. ఆయన వేలు ఒక్కో గడీ దిగి, తాను ఇరవయ్యేళ్ళుగా చెబుతున్న మేనేజ్‌మెంట్ సూత్రాల దగ్గర ఆగింది. ముప్పై ఎనిమిది. పాసు నలభై.

ఇంత జరిగాక కూడా, చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది, ఆయన తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "అమ్మా, ఇంకో రెండు పడితే నలభై అవుతాది కదా."

సుహాసిని పెన్ను మూత తీసి, సంతకం చెయ్యాల్సిన చోటు చూపించింది.

"సప్లిమెంటరీ సెప్టెంబరు పదిన సార్," అంది.

ధనుంజయరావు సంతకం పెట్టి, తేదీ రాసుకున్నాడు.