మంచె మీద వైమానిక దళం

మారుతున్న భద్రతా ముప్పులను దృష్టిలో ఉంచుకుని, మా ఊరి వైమానిక దళాన్ని ఆధునికీకరించాలని ఈ ఏడాది నిర్ణయం జరిగింది. దళం అంటే జొన్నచేల మధ్య ఒక మంచె, రాళ్ళు విసిరే వడిసెల, నేను. ముప్పు అంటే చిలకలు. పూర్వం అవి ఒకటీ అరా వచ్చి కంకులు తినిపోయేవి. ఇప్పుడు నాతవరం కొండల వైపు నుంచి బారులు కట్టి, నేను అన్నం తినే వేళ చూసుకుని మరీ వస్తున్నాయి. (శత్రువుకు నిఘా విభాగం ఉందని రక్షణ సంఘం అనుమానం.)

సంఘం అధ్యక్షుడు పరదేశి మామ. ఎన్నిక జరగలేదు, టేప్‌రికార్డర్ ఆయనది.

"దేశాలన్నీ కొత్త ఇమానాలు కొనుక్కుంతన్నాయి. మనం ఇంకా రాళ్ళు ఇసురుకుంతన్నాం. సిగ్గుసేటు!" అన్నాడు.

"సిగ్గు సంగతి తరవాత తమ్ముడూ. పిల్లకి పదో తరగతి. బడి మొహం సూసి నెలయింది," అంది మా అమ్మ నూకరత్నం.

"అందుకే గదక్కా ఈ మిషను! పిల్ల అరుపు కేసెట్టులో పట్టేత్తాం. మైకు అరుత్తాది, ఇది బడికెళ్తాది."

ఆ మాట విని నేను పుస్తకాలకు కొత్త అట్టలు వేసుకున్నాను.

అనకాపల్లి నుంచి మైకు వచ్చింది. రికార్డింగు రోజున ఊరంతా చుట్టూ నిలబడింది. బడిలో పద్యం అప్పజెప్పమంటేనే నాకు గొంతు పెగలదు.

"ఓయ్," అన్నాను.

"ఏటే అది? సిలకల్ని బోయినానికి పిలుత్తన్నావేటి?" అన్నాడు మామ. "మీ అమ్మ మీద అరిసినట్టు అరువు!"

అరిచాను. అమ్మ ఉలిక్కిపడింది. ఆయుధం ఆమోదం పొందింది.

కొబ్బరికాయ కొట్టి, మైకును పొలంలో బోరు మోటారు లైనుకు కలిపారు. ఆ లైనుకు కరెంటు రాత్రిపూటే వస్తుందని అందరికీ తెలుసు. రోజూ రాత్రి లేచి నీళ్ళు కట్టుకునేది వాళ్ళే. (ఆధునికీకరణ జరిగేటప్పుడు ఇలాంటి పాత విషయాలు ఎత్తడం మర్యాద కాదు.)

ఆనాటి నుంచి నా గొంతు నిద్రపోతున్న చిలకలను తరుముతోంది. తెల్లారగానే కరెంటు పోతుంది, చిలకలు వస్తాయి. రాత్రివేళ దాడులు పూర్తిగా ఆగిపోయాయని సంఘం ప్రకటించింది.

"మరి పగలో?" అంది అమ్మ.

"పగటికి పాత పద్ధతే ఉంచుదాం అక్కా. కొత్తది కుదురుకోవాలి కదేటి!"

పగలు మంచె మీద నేను అరుస్తున్నాను. రాత్రి మైకులో నా గొంతు అరుస్తోంది. బడిలో హాజరు పిలిచినప్పుడు మాత్రం మా ఇద్దరిలో ఎవరూ పలకడం లేదు.