కేకు తినమన్న డాక్టరు

త్రినాథరావు పనేమిటో ముందు చెప్పాలి. లేకపోతే ఆయన కేకుల గొడవ మీకు బోధపడదు. ఆయన టీవీ సీరియల్‌కి కథ, మాటలు రాస్తాడు. అంటే అందులో ఎవరు బతకాలో ఎవరు పోవాలో ఆయన చేతిలో ఉంటుంది. అందుకే ఫిల్మ్‌నగర్ సెట్లో ఎవరు కేకు కోసినా మొదటి ముక్క ఆయన నోట్లోకే వెళ్తుంది. హీరోయిన్ తండ్రి వేషం వేసే ఆయనైతే, తన పాత్రకి గుండెనొప్పి మొదలైన దగ్గర్నుంచీ అరచేతి మందాన కోసి మరీ తినిపిస్తున్నాడు.

పోనీ పుట్టినరోజులేనా? కెమెరామన్ కారు కొంటే కేకు. రేటింగ్ పెరిగితే కేకు. తగ్గితే దిగులు పోవడానికి ఇంకో కేకు.

తింటే తిన్నాడు, మీకేం బాధ అంటారా? ఆయనకి షుగరు.

ఇంట్లో భార్య మనోజ అన్నం మాన్పించింది, కాఫీలో పంచదార మాన్పించింది. పొద్దున రాగిజావ, రాత్రి పుల్కాలు. అయినా ఈసారి పరీక్షలో షుగరు దిగలేదు సరిగదా, ఎక్కి కూర్చుంది. మనోజ ఆయన్ని ఒక్క మాట అనలేదు. "రాగులు మంచివి కావేమోనండీ, కొట్టు మారుస్తాను" అంటూ ఎండలో షేక్‌పేట దాకా వెళ్ళి సంచీ మోసుకొచ్చింది. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడి, "నా చేతి వంటలోనే ఏదో లోపం ఉంది" అని తనలో తను అనుకోవడం త్రినాథరావు చెవిన పడింది.

సిగ్గుతో చితికిపోయాడు పాపం. అప్పుడే నిజం చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు, అదీ మగతనం!

పైగా ఆ వారంలోనే సీరియల్ వెయ్యో ఎపిసోడ్ పండగ. జూబ్లీహిల్స్‌లో ఫంక్షన్, కుటుంబాలతో రమ్మన్నారు. మనోజ అప్పుడే పట్టుచీర ఇస్త్రీకిచ్చింది. యూనిట్ మొత్తం వరసకట్టి, అలవాటైన చేతులతో మొగుడికి కేకు తినిపిస్తుంటే ఆవిడ పక్కనే నిలబడి చూస్తుందన్నమాట. అది తలుచుకుంటేనే త్రినాథరావుకి ముచ్చెమటలు పోశాయి.

ముందు సొంత తెలివి వాడాడు.

"మనోజా, కేకులో ఏముంటుందో ఎప్పుడైనా ఆలోచించావా? గుడ్లంటే ప్రొటీను. పాలంటే కాల్షియం. వెన్నలో విటమిన్లు. పైన చెర్రీ ఉందా, అది పండు. మైదా అంటే గోధుమే. అసలది గుండ్రంగా ఉన్న భోజనం."

"పంచదార మర్చిపోయారు."

"అది రుచికి."

"గోధుమలో ఒంటికి పనికొచ్చేవి చాలావరకు తీసేశాక మిగిలేదే మైదా. ఇంతకీ ఇప్పుడు కేకు సంగతెందుకు?"

"ఊరికే. జనరల్ నాలెడ్జి."

మొగుడు చెబితే వినదు, డాక్టరు చెబితే వింటుంది. నిజం డాక్టరు ఈ మాట చచ్చినా చెప్పడు. ఇంకేముంది, ఆయన బుర్ర అలవాటు ప్రకారం కృష్ణానగర్ వైపు తిరిగింది.

సీరియల్లో డాక్టరు కావాలంటే కృష్ణానగర్ నుంచి జూనియర్ ఆర్టిస్టు పోచయ్యని పిలుస్తారు. తెల్లకోటు సొంతం, స్టెతస్కోపు కూడా సొంతం. ఆపరేషన్ గది తలుపు తీసుకుని రావడం, కళ్ళద్దాలు తీయడం, "సారీ అమ్మా, మేం చేయగలిగిందంతా చేశాం" అనడం. ఏళ్ళ తరబడి ఆయనకి ఇంతకు మించి ఎవరూ మాటలివ్వలేదు. త్రినాథరావు ఈసారి పేజీ నిండా రాసిచ్చాడు.

"గింత పెద్ద డైలాగా సార్ నాకు!" అని పోచయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున ఇంటికి వేంచేశాడు డాక్టర్ ఆరోగ్యస్వామి, లండన్ రిటర్న్. పాత స్నేహితుడని, తిండి విషయంలో పెద్ద స్పెషలిస్టని త్రినాథరావు పరిచయం చేశాడు. మనోజ కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది. పోచయ్య గొంతు సవరించుకున్నాడు.

"చూడమ్మా! గుడ్డు బలం, పాలు ప్రాణం, వెన్న వెన్నుదన్ను! ఈ మూడూ కలిసిన కేకుని కాదన్న మనిషి, ఆరోగ్యాన్ని కాలదన్నిన మనిషి!"

మనోజ శ్రద్ధగా వింది. "అలాగేనండీ. ఈయనకి ఈమధ్య అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. దానికేం చెయ్యమంటారు?"

ఇది పేజీలో లేదు. పోచయ్య త్రినాథరావు వైపు చూశాడు. త్రినాథరావు ఫ్యాను వైపు చూశాడు. పోచయ్య మెల్లగా లేచి నిలబడి కళ్ళద్దాలు తీశాడు.

"సారీ అమ్మా. మేం చేయగలిగిందంతా చేశాం. ఇక ఆ దేవుడే."

త్రినాథరావుకి నిజంగానే ప్రాణం పోయినంత పనైంది.

మనోజ మాత్రం చల్లగా, "మొన్న సీరియల్లో మేనత్త పోయిందని చెప్పింది మీరే కదండీ? ఎంత బాగా చేశారు! నాకు ఏడుపొచ్చేసింది" అంది.

అంతే, లండన్ డాక్టరు కృష్ణానగర్‌లో దిగిపోయాడు.

"గుర్తువట్టిన్రా అమ్మా! ఇన్నేండ్లల్ల ఒక్కలు గుర్తువట్టలే! మా ఇంటిది గూడ ఛానల్ మారుస్తది!" ఆ సంతోషంలో ఆయనకి ఏం మాట్లాడుతున్నాడో తెలియలేదు. "సార్ దేవుడమ్మా. జర కేకంటే పాణం, గంతే. సెట్ల ఎవ్వరు కట్ చేసినా గులాబి పువ్వున్న ముక్క సార్‌దే. నిన్న గూడ రెండు తిన్నడు."

"పోచయ్యా!" అని త్రినాథరావు అరిచేసరికే ఆయన చెప్పాల్సిందంతా చెప్పేశాడు.

త్రినాథరావు తల దించుకుని తిట్ల కోసం కాచుకున్నాడు. మనోజ నెమ్మదిగా కుర్చీలో కూర్చుని గుండెల మీద చెయ్యేసుకుంది.

"అమ్మయ్య! అయితే నా జావలో లోపమేం లేదన్నమాట" అని కళ్ళు తుడుచుకుంది.

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వెయ్యి ఎపిసోడ్లకి మాటలు రాసినవాడు చివరికి ఇంతే అన్నాడు.

"తిట్టు మనోజా. గట్టిగా తిట్టు."

"ఎందుకూ? ఒళ్ళు మీది. ఫంక్షన్‌కి నేను రాను, మీరే వెళ్ళండి. తింటారో మానేస్తారో మీ ఇష్టం."

పోచయ్యకి మాత్రం కూర్చోబెట్టి వేడివేడి పెసరట్లు పెట్టింది.

మర్నాడు సాయంత్రం రెండంతస్తుల కేకు ముందు త్రినాథరావు ఒంటరిగా నిలబడ్డాడు. అడ్డుపడే మనిషి లేదు. సీరియల్లో అత్తగారి వేషం వేసే త్రిపురసుందరి గారు పెద్ద ముక్క పట్టుకుని నోటి దగ్గర పెట్టింది. నోరు తెరవబోతే రాగుల సంచీ మోసుకొచ్చే మనోజ కళ్ళ ముందుకొచ్చింది. ముద్ద దిగేలా లేదు.

"వద్దండీ" అన్నాడు.

త్రిపురసుందరి గారి మొహం పాలిపోయింది. "నా చేతి ముక్క వద్దా? అంటే నా పాత్రని చంపేస్తున్నారా?"

"అయితే నా గుండె మాటేమిటి?" అని హీరోయిన్ తండ్రి రెండు ముక్కలతో పరిగెత్తుకొచ్చాడు. అదీ వద్దన్నాడు. తండ్రిగారు గుండె పట్టుకుని కుర్చీ వెతుక్కున్నాడు. నటులందరూ ప్లేట్లు పట్టుకుని చుట్టుముట్టారు. ఎవరో ఏడుపు మొదలెట్టారు. చివర్లో ఉన్న నిర్మాతకి ఈ వార్త చేరేసరికి, రైటరు సీరియలే ఆపేస్తున్నాడని తేలింది.

త్రినాథరావు గతిలేక మైకు అందుకున్నాడు.

"ఎవరూ చావట్లేదండీ! నాకు షుగరు! మీరు పెట్టినవన్నీ దొంగతనంగా తిన్నాను. తప్పు తన జావదేనేమోనని మా ఆవిడ కుమిలిపోతుంటే చూస్తూ ఊరుకున్నాను. సిగ్గులేని మనిషిని. దయచేసి నాకెవరూ కేకు పెట్టకండి."

ఆయన చెవులు కాలిపోతుండగా బయటికొచ్చి ఆటో ఎక్కాడు.

ఇంటి గుమ్మంలోనే చెప్పాడు. "తినలేదు మనోజా. ఒట్టు, ముట్టుకోలేదు."

"తెలుసు" అంది మనోజ. ఆవిడ చేతిలో ఫోను వెలుగుతోంది. అందులో పోచయ్య మొహం కనిపించింది, వెనకాల సగం కోసిన కేకు.

"అమ్మా, సార్ ఇల్లు చేరిండా? ఇగ నేను వీడియో బంద్ చేస్త మరి."

త్రినాథరావు నోరెళ్ళబెట్టాడు. "అంటే మైకులో మాట్లాడిందీ..."

"మొత్తం విన్నాను."

"నన్ను నమ్మి పంపించావనుకున్నానే!"

"నమ్మానండీ. నమ్మాను కాబట్టే ఫోనుతో సరిపెట్టాను. లేకపోతే నేనే వచ్చేదాన్ని" అని మనోజ పుల్కాలు వడ్డించింది.