కార్డుకు కరెంటు కూడా మేమే పెట్టాలా?

పని మధ్యలో టప్పున ఆగిపోయే కంప్యూటరే అసలైన కంప్యూటర్! ఆగకుండా పనిచేసేదాన్ని ఆఫీసులో పెట్టుకోవడం మనిషి ఆరోగ్యానికి మంచిది కాదు.

నవ్వుతున్నారా? నవ్వండి. మీ కంప్యూటర్ ఆగదు కాబట్టి మీకు నవ్వే తీరిక దొరకడం ఇదే మొదటిసారి అయ్యుంటుంది. మాకలా కాదు. నిన్న భోజనాల వేళకే కడుపారా నవ్వుకున్నాం. కడుపారా అన్నానే గానీ భోజనం మాత్రం కనబడలేదు. ఎందుకో చెబుతాను.

ముందు మా సంస్థ గురించి. ఇంకా కట్టని ఇళ్లను కట్టేసినట్టు వీడియోలు తీయడం మా వృత్తి. పునాది తవ్వని చోట పదో అంతస్తు బాల్కనీలో మొక్కలకు నీళ్లు పోయిస్తాం. లేని ఈతకొలనులో లేని పిల్లలు లేని నీళ్లు చిమ్ముకుంటూ ఉంటారు. ఆ లేనివాటన్నిటికీ మాటలు రాసేవాణ్ని నేను. బొమ్మలు చేసేది వదిన.

ఎవరికి వదిన అని అడక్కండి. ఆఫీసు మొత్తానికీ వదినే. వయసులో నాకంటే చిన్నది, అయినా నాకూ వదినే. ఎవరు ఏం చెడగొట్టినా చివరికి బాగుచేసేది ఆవిడే కాబట్టి ఆ వరస దానంతటదే కుదిరిపోయింది.

మా యజమాని పేరు వెనకాల సర్దుకుందాం గారు. ఎదురుగా సార్. కుర్చీ కాలు విరిగితే కింద పాత పుస్తకాలు పెట్టి "సర్దుకుందాం" అంటారు. మనిషి మానేస్తే ఆ పనిని మరొకరి నెత్తిన పెట్టి "సర్దుకుందాం" అంటారు. ఆ 'కుందాం'లో ఆయన ఎప్పుడూ ఉండరు. కూర్చునేది పుస్తకాల మీద మేం, ఆయన కుర్చీకి నాలుగు కాళ్లూ ఉన్నాయి.

ఇక మా కథానాయకుడు! ఎక్కడో మూతపడిన ఆఫీసు నుంచి కొన్న పాత వర్క్‌స్టేషన్. పేరుకు తగ్గట్టే స్టేషన్. బండి ఇప్పుడొస్తుంది, అప్పుడొస్తుంది అని ఎదురుచూస్తూ కూర్చోవడమే. బొమ్మలు పూర్తయ్యాక వాటికి ఎండా నీడా మెరుపూ అద్ది వీడియోగా వండాలి. రెండరింగ్ అంటారు దాన్ని. మా మిషన్ ఒక్క వరండాను వండేసరికి ఆ వరండాలో నిజంగా కాపురం పెట్టి పిల్లల్ని బడిలో చేర్చవచ్చు. పొయ్యి దగ్గర కాపలా వదిన. మధ్యలో మాడితే మళ్లీ ఎక్కించాలి కదా!

అలా కాపలా కాస్తూ పోయినేడు ఆవిడ కూతురి నాటకం చూడలేకపోయింది. బడి వార్షికోత్సవంలో పాప మేఘం వేషం వేసిందట. ఈ ఏడు సూర్యుడు. చూశారా, పాప కూడా అప్‌గ్రేడ్ అయింది! నాటకం శనివారం సాయంత్రం. సూర్యుడికి ఒకటే డైలాగు: "లేవండి, తెల్లారింది!"

"ఈసారి మాత్రం నాలుగింటికి వెళ్లిపోతాను సార్," అంది వదిన, సోమవారమే. "రాకపోతే స్టేజీ మీద ఉదయించనని చెప్పింది మా చిన్నది."

"నాలుగెందుకమ్మా, మూడింటికే వెళ్లు," అన్నారు సర్దుకుందాం గారు. "బొమ్మల్ని గబగబా వండే కొత్త గ్రాఫిక్స్ కార్డు కొంటున్నా. శనివారం పొద్దుటికల్లా బిల్డర్‌గారి వీడియో వాళ్ల చేతిలో ఉంటుంది!"

కార్డు వచ్చింది. అబ్బ, ఏం కార్డండీ! రెండు ఫ్యాన్లు! మా ఆఫీసులో మనుషులకు ఒక్కటే ఉంది. చుట్టూ రంగురంగుల లైట్లు. సర్దుకుందాం గారు దాంతో ఫొటో దిగి బిల్డర్‌కు పంపించారు. ఆ తర్వాతే డబ్బా మీది అక్షరాలు వదిన కంటపడ్డాయి.

"సార్, దీనికి కావాల్సిన వాట్లు రాశారు. మన మిషన్‌లో కరెంటు పంచే పవర్ సప్లై అందులో సగం కూడా లేదు."

"ఏదీ? 'రికమెండెడ్' అని ఉంది చూడు. రికమెండేషన్లు మన ఆఫీసులో చెల్లవమ్మా! అంతా మెరిట్ మీదే!"

కార్డుకు ఎనిమిది పిన్నుల ప్లగ్గు పెట్టాలి. మా మిషన్‌లో వేలాడుతున్న వైరుకు ఉన్నవి ఆరు. తేడా రెండే కదా, సర్దుకున్నాం. ఆరు పిన్నుల్ని ఎనిమిదిగా చూపించే కన్వర్టర్ వైరు ఒకటి బజార్లో దొరుకుతుంది. దాన్ని చూడగానే నాకు ఎక్కడో చూసిన ముఖంలా అనిపించింది. ఆరుగురి జీతంతో ఎనిమిది మంది పని చూపించే సంస్థలో ఇన్నేళ్లుగా ఉన్నాను కదా, సొంత బంధువును గుర్తుపట్టనా?

స్విచ్ వేశారు. లైట్లు వెలిగాయి. తెర మీద బొమ్మ వచ్చింది. చప్పట్లు! వదిన రెండర్ నొక్కింది. రెండు ఫ్యాన్లూ విమానంలా రొద పెట్టాయి. ఇల్లు సగం వండగానే... టప్!

నల్లటి తెర. అందులో మా ముఖాలు.

మళ్లీ ఆన్ చేశారు. మళ్లీ టప్. కార్డు అమ్మిన షాపు అతనికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. అతను ఏదో నములుతున్నాడు.

"లోపల పవర్ సప్లై చాలట్లేదు సార్. లోడు పడగానే అదే ఆపేసుకుంటుంది. పెద్దది వేయించండి. మీ పాత మోడల్‌కు బయటివి పట్టవు, వెతికి తెప్పించాలి."

"అదేంటయ్యా! కార్డు కొన్నాం. దానికి కరెంటు కూడా మేమే పెట్టాలా?"

నమలడం ఆగింది. "మరి ఎవరు పెడతారు సార్?"

"మదర్‌బోర్డు ఉందిగా లోపల! తల్లి అన్నాక తను మానుకునైనా పిల్లలకు సర్దిపెట్టదా?"

వదిన రెండర్ కిటికీ మూసేసింది. తెరలోని తన ముఖం చూసుకుంటూ కూర్చుంది.

ఫోన్ పెట్టేశాక సర్దుకుందాం గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. మెరుపులో కూడా కరెంటే ఉంటుంది కదండీ! "మా ఇంట్లో నీళ్ల మోటారు వేస్తే లైట్లు డిమ్మవుతాయి. ఇదీ అదే జబ్బు. మీరంతా కరెంటు తాగేస్తుంటే పాపం కార్డుకేం మిగులుతుంది? ఆర్పేయండి అన్నీ!"

చాలనిది గోడలోని కరెంటు కాదు, మిషన్ లోపలి పవర్ సప్లై బలం అని వదిన చెప్పబోయింది. పవర్‌లో ఉన్నవాళ్లకు పవర్ గురించి చెప్పగలమా?

ఆ రోజు నుంచి మా ఆఫీసులో రెండర్ నొక్కే ముందు హాజరు వేస్తున్నారు.

"ఫ్యాను?"

"ఆఫ్ సార్!"

"లైట్లు?"

"ఆఫ్ సార్!"

"వాటర్ కూలర్? కాఫీ మిషన్?"

"ఆఫ్, ఆఫ్!"

"అకౌంట్స్‌లో కాలిక్యులేటర్?"

"సార్, ఇది సోలార్‌ది!"

"అయినా మూసెయ్!"

"లైట్లు ఆర్పగానే అదే చచ్చిపోయింది సార్!"

అప్పుడు నొక్కుతారు. అందరం ఊపిరి కూడా బిగబట్టేవాళ్లం, అందులో ఎన్ని వాట్లున్నాయో ఏమో! టప్. "ఎవర్రా అక్కడ ఫ్యాన్ వేసింది?" అని సర్దుకుందాం గారి గావుకేక. ఎవరూ వేయలేదు. అయినా వెళ్లి ప్రతి రెక్కనూ వేలితో తాకి చూస్తారు.

పాఠక మహాశయులారా, దీన్ని మీరు అవస్థ అంటారా? నేను వ్యవస్థ అంటాను!

చీకట్లో భోజనం చేస్తే పక్కవాడి కూర మన కూర అనే భేదం ఉండదు. నిన్న నేను తిన్నది అకౌంటెంటు డబ్బా అని ఆయన ముఖం వెలుతురులోకి వచ్చాకే తెలిసింది. ఎండాకాలంలో ఫ్యాన్ లేకుండా కూర్చోవడానికి బయట జనం టికెట్టు కొని ఆవిరి గదులకు వెళుతున్నారు. మాకు జీతమిచ్చి మరీ కూర్చోబెడుతున్నారు! ఇక సేవ్ చేసే అలవాటు! మనిషి జీవితంలో ఏదీ శాశ్వతం కాదని పెద్ద పెద్ద ఉపన్యాసాలు విన్నా నాకు ఎక్కలేదు. సేవ్ చేయని మూడు పేజీలు పోయాక ఒక్క దెబ్బకు ఎక్కింది. అది ఎవరి కంప్యూటర్ అనుకున్నారు? నాదే. కార్డుకు అడ్డమని ఆర్పించారు.

అన్నిటికంటే గొప్ప సంగతి, మా సంస్థ పచ్చదనానికి ప్రాణమిస్తోందని సర్దుకుందాం గారు బిల్డర్‌తో చెప్పుకున్నారు. కరెంటు పొదుపు! నిజమే, చెట్లన్నీ వీడియోలోనే ఉన్నా.

బుధవారానికి వదిన పాత కార్డే మళ్లీ బిగించింది. పాత నత్తనడక మొదలైంది. కొత్త కార్డును రిసెప్షన్‌లో అద్దాల అరలో పెట్టారు, కింద "మా అత్యాధునిక సాంకేతికత" అని పలక. దానికి మాత్రం ప్రత్యేకంగా ఒక లైటు. మా లైట్లు ఇంకా ఆరిపోయే ఉన్నాయి. పాత కార్డుకైనా అలవాటు తప్పించడం దేనికన్నారు సార్.

గురువారం సౌండ్ చూసే మనిషి మానేశాడు. చీకట్లో చెవులు బాగా పనిచేస్తాయంటారు, వేరే ఆఫీసు పిలుపు ఆయనకు వినబడినట్టుంది. సర్దుకుందాం గారు వదినను పిలిచి ప్రమోషన్ ఇచ్చారు. విజువల్ హెడ్! సౌండ్ పని కూడా హెడ్‌దే.

"మనిషిని ఇస్తారా సార్, సాయంగా?"

"పోస్టు పెంచాం కదమ్మా! దానికి మనిషిని కూడా మేమే పెట్టాలా?"

శనివారం. మధ్యాహ్నం మూడున్నరకు వీడియో ఇంకా ఈతకొలను దగ్గరే ఈదుతోంది. వదిన ఒక చెవిలో సౌండ్ పెట్టుకుని, కళ్లు తెరకు అప్పగించి, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పాప సూర్యుడి కిరీటం అట్ట ముక్క ఒకటి సంచీలోంచి పసుపుపచ్చగా తొంగిచూస్తోంది. ఊడితే అతికించడానికి స్పేర్ కిరణమట.

నాలుగు కొట్టే వేళకు సర్దుకుందాం గారు ఫోన్ పట్టుకుని పరుగున వచ్చారు.

"అమ్మా, ఇంతవరకు అయింది బిల్డర్‌గారు చూశారు. కొలను పక్కన ఇంకో వరస చెట్లు కావాలట. వాటి నీడ నీళ్లలో పడాలి. నీళ్లు మెరవాలి. పక్షులు కూయాలి. వీడియోలో సాయంత్రం అక్కర్లేదు, ఉదయంలా మార్చమంటున్నారు. అప్పుడే సూర్యుడు వస్తున్నట్టు..."

వదిన చేయి మౌస్ మీద ఉంది. అలాగే ఆగిపోయింది. కళ్లు ఒక్క క్షణం నల్లటి తెరల్లా అయ్యాయి. తర్వాత చెవిలోది తీసి బల్ల మీద పెట్టింది. లేచింది. సంచీ భుజానికి తగిలించింది.

"ఏమైందమ్మా?"

"లోడు ఎక్కువైంది సార్. ఆగిపోయాను."

"అంటే?"

"మన మిషన్‌లాగే సార్. కాలిపోకుండా దానికదే ఆపేసుకుంటుందిగా, నేర్చుకున్నాను. సోమవారం పొద్దున ఆన్ చేసి చూడండి."

వెళ్లిపోయింది! చెప్పుల చప్పుడు మెట్లు దిగి, వీధిలో కలిసిపోయింది. సర్దుకుందాం గారు గుమ్మం దాకా వెళ్లి మెట్ల వైపు చూశారు. వెనక్కి తిరిగి గావుకేక పెట్టారు.

"ఎవర్రా అక్కడ ఫ్యాన్ వేసింది?"

అందుకే అన్నాను, టప్పున ఆగిపోయే మిషనే మిషన్ అని. ఎంతవరకు మోయగలదో దానికి తెలుసు. ఆ పైన ఒక్క చెట్టు నీడ వేసినా మోయదు. లోపలి బలం పెంచకుండా నెత్తిన కొత్త కొత్త కార్డులు తగిలించే ఈ లోకంలో అంతకంటే తెలివైన జీవిని నేను చూడలేదు. వదిన నేర్చుకుంది. ఈపాటికి బడి స్టేజీ మీద సూర్యుడు ఉదయించే ఉంటాడు.

ఇక్కడ మాత్రం తెల్లారలేదు. రెక్కలన్నీ తాకి చూశాక సర్దుకుందాం గారు నెమ్మదిగా నా వైపు తిరిగారు.

"మీకు బొమ్మలు రావనుకోండి. అయినా కాస్త ఆ చెట్ల సంగతి..."

నాకూ ఎక్కడో ఒక స్విచ్ ఉండే ఉంటుంది. వెతుక్కుందామంటే లైట్లన్నీ ఆర్పేశారు.