ఆల్చిప్పలు తిన్న పేదవాడు

"మనిషి గొప్పతనాన్ని అతడు నేడు ఎంత గడించాడన్న దాన్నిబట్టి గాక, చిన్ననాడు ఎంత పేదరికం అనుభవించాడన్న దాన్నిబట్టి నిర్ణయించవలెను!"

ఇది ఏ వేదాంతి వాక్కో కాదు. అలబామా రాష్ట్రం, హార్లన్ ఫెర్రీ పట్టణంలోని మా బెండకాయ వేపుడు వారసత్వ సంఘం మొదటి నిబంధన.

సంఘంలో ఉన్నవాళ్లమంతా డాక్టర్లం, లాయర్లం, బ్యాంకు మేనేజర్లం. అయినా ఒక్కరికీ చిన్నప్పుడు కాళ్లకు బూట్లు లేవు! ఇంటి వెనక ఈతకొలను ఉన్నవాళ్లం కూడా "చెరువులో స్నానం చేసి పెరిగినవాళ్లమండీ" అని వినయంగా చెప్పుకుంటాం. ఏటా ఆగస్టులో అధ్యక్ష ఎన్నిక జరుగుతుంది. పోటీ చేసేవాడు అందరి ముందూ ఇనప మూకుడులో బెండకాయలు వేయిస్తూ తన చిన్ననాటి జ్ఞాపకం చెప్పాలి. వేపుడు కాస్త మాడినా క్షమిస్తాం. జ్ఞాపకంలో పేదరికం తగ్గితే మాత్రం క్షమించం!

ఈ ఏడు పోటీ పళ్ల డాక్టరు రాయిస్ టిడ్‌మోర్‌కూ, లాయరు క్లిఫ్ బోట్‌రైట్‌కూ మధ్య. అధ్యక్షుడు కోటుకు పెట్టుకునే చిన్న బంగారు మూకుడు పిన్ను మీద రాయిస్‌కు మహా మోజు. దాన్ని పెట్టుకోవడానికి కొత్త కోటు కూడా కుట్టించేశాడు. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న ప్రతి రోగికీ తన పేదరికం వినిపించాడు. పాపం, వాళ్లు మాత్రం ఎక్కడికి పోతారు?

కానీ రాయిస్‌కు ఒక రహస్యం ఉంది. అతను పేదవాడు కాదు. బెండకాయలు తిన్నవాడూ కాదు! చర్చి వీధిలో ఎర్ర ఇటుకల మేడలో పెరిగాడు. బంగారు అంచు పింగాణీ పళ్లెం, ఒళ్లో తెల్లటి రుమాలు, ప్రతి శుక్రవారం ఆల్చిప్పల్లోని మెత్తటి మాంసం వేపుడు. అదీ సముద్రపు ఒడ్డు నుంచి మంచుపెట్టెల్లో రైలెక్కి వచ్చిన ఆల్చిప్పలు! నాలుక మీద జారే ఆ మెత్తదనం, పంటికి తగిలే ఆ చిన్నచిన్న గింజలు అతనికి ఇప్పటికీ గుర్తే. "అవి ముత్యాల గింజలు నాన్నా, ఇంకొన్నాళ్లు సముద్రంలో ఉంటే ముత్యాలయ్యేవి" అని అమ్మ చెప్పేది. పెద్దయ్యాక హోటళ్లలో తిన్న ఆల్చిప్పల్లో గింజలు లేకపోతే, ఈ రోజుల్లో అన్నీ నాసిరకమే అని రాయిస్ నిట్టూర్చాడు తప్ప ఇంకో ఆలోచన చేయలేదు. చిన్నప్పుడు నమ్మినదాన్ని అరవై ఏళ్లొచ్చాక తిరగేసి చూసే ఓపిక ఎవరికుంటుంది? పైగా అతను చదువుకున్నవాడు కూడాను.

ఎన్నిక రోజు పొద్దున్నే రాయిస్ ఎవరి తోటకో వెళ్లి స్వయంగా బెండకాయలు కోశాడు. "చొక్కా లేని ఒంటితో బెండకాయలు కోసేవాణ్ని" అని ఉపన్యాసంలో ఉంది కనక, చేతులు లేని బనీనుతోనే కోశాడు. బెండ నూగు తన పని తాను చేసింది. సాయంత్రానికి రెండు చేతులూ ఎర్రగా దద్దుర్లు తేలాయి. చర్చి హాల్లో అడుగుపెట్టేసరికి బోట్‌రైట్ కూడా మోచేతులు బరబరా గోక్కుంటున్నాడు.

"ఏమోయ్ డాక్టరూ, నువ్వూ కోశావా?"

"చిన్నప్పటి అలవాటు కదటయ్యా, మానలేకపోయాను!" అన్నాడు రాయిస్, వీపు తలుపుకేసి రుద్దుకుంటూ.

వేదిక ఎక్కి మూకుడులో పంది కొవ్వు కరిగించాడు. మజ్జిగలో నానిన ముక్కల్ని మొక్కజొన్న పిండిలో దొర్లించి అందులో వేశాడు. ముక్కలు చుయ్యిమన్నాయి. రాయిస్ ఉపన్యాసం అందుకున్నాడు.

"ఒంటిగది ఇల్లు మాది. పిండి సంచీతో కుట్టిన చొక్కా నాది. మా అమ్మ తను పస్తుండి నాకు పెట్టింది ఈ బెండకాయలే!"

హాలంతా ముక్కులు చీదింది. సంఘాధ్యక్షుడు పర్విస్ జడ్జిగారు కళ్లజోడు తుడుచుకున్నారు. సరిగ్గా అప్పుడే బోట్‌రైట్ లేచాడు.

"అంతటి త్యాగమూర్తిని చూడాలని ఎవరికుండదండీ? అందుకే పక్క ఊరెళ్లి నా కారులో తీసుకొచ్చాను!"

తలుపు తెరుచుకుంది. టోపీ, తెల్ల చేతితొడుగులు, మెడలో ముత్యాల దండతో ఆర్డెల్ టిడ్‌మోర్ అమ్మగారు లోపలికి వచ్చింది. రాయిస్ గుండె జారి మూకుడులో పడ్డంత పనయింది. తన అమ్మ మంచం దిగలేని స్థితిలో ఉందని అతను ఊరందరికీ చెప్పుకున్నాడు.

"బెండకాయలా? మా ఇంట్లోనా?" అంది ఆర్డెల్ అమ్మగారు, జడ్జిగారు అడిగినదానికి కనుబొమలెత్తి. "ఏం మాటలండీ అవి! మావాడికి శుక్రవారం వస్తే ఆల్చిప్పలు లేకుండా ముద్ద దిగేది కాదు. కావాలంటే వాణ్నే అడగండి."

 ఆల్చిప్పలు! దొంగతనం చేశాడన్నా ఓర్చుకునేవాళ్లం.

"మోసం!" అని అరిచాడు బోట్‌రైట్.

"డాక్టర్ టిడ్‌మోర్," అన్నారు జడ్జిగారు తీర్పు చెప్పే గొంతుతో, "సంపన్నమైన బాల్యాన్ని దాచిపెట్టిన నేరానికి మీ పేరు పోటీదారుల జాబితాలోంచి తొలగించడమైనది."

రాయిస్ తల వంచుకుని నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా చేతులు మాత్రం గోక్కోవడం మానలేదు. ఆర్డెల్ అమ్మగారు గబగబా వేదికెక్కి కొడుకు చెయ్యి పట్టుకుంది.

"ఇదేం ఖర్మరా రాయిసూ! పొడుగు చేతుల చొక్కా వేసుకోకుండా బెండకాయలు కోస్తారట్రా ఎవరైనా? ఎన్ని వేల గంపలు కోశాను, ఒక్కసారైనా ఇలా..."

అని నాలిక్కరుచుకుంది.

"మీరు కోశారా అమ్మగారూ?" అన్నారు జడ్జిగారు.

ఆవిడ కొడుకు ముఖం చూసింది. ఆ ముఖం మళ్లీ అయిదేళ్ల పిల్లవాడి ముఖంలా ఉంది. చేతితొడుగులు తీసి బల్లమీద పెట్టింది.

"వాడి పేరు కొట్టేయకండి. ఆ మేడ మాది కాదు, హాడ్లీ అమ్మగారిది. ఆవిడ మొబీల్ నగరంలో కూతురి దగ్గరుంటే, ఊడ్చి తుడవమని మమ్మల్ని పెట్టింది. పింగాణీ ఆవిడదే. వీడి బూట్లు ఆవిడ మనవడు విడిచినవి. వీళ్ల నాన్నకు ఫర్నిచర్ వ్యాపారం అని చెప్పేదాన్ని. ఆయన బీరువాలు మోసేవాడు. పిల్లాడు ఎవరిముందూ తల దించుకోకూడదని అలా పెంచాను."

"మరి ఆల్చిప్పలు?"

ఆవిడ కత్తి అందుకుంది. మిగిలిన బెండకాయల్ని సన్నగా తరిగింది. ఉప్పేసి జిగురొచ్చేదాకా పిసికి, మజ్జిగ, గుప్పెడు పిండి కలిపి, గరిటెతో ముద్దలు ముద్దలుగా మూకుడులో వేసింది. ఎర్రగా వేగిన ముద్దనొకటి తీసి, ఊది, కొడుకు నోట్లో పెట్టింది.

రాయిస్ నమిలాడు. బయట కరకర, లోపల ఆ మెత్తదనమే. పంటి కింద ముత్యాల గింజలు! అతని చిన్నతనమంతా ఒక్క ముద్దలో గొంతు దిగింది.

హాలు భోరుమంది. జడ్జిగారు పిన్ను పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. "సంఘ చరిత్రలో ఇంత స్వచ్ఛమైన దారిద్ర్యం లేదు! నా ఓటు నీకేనయ్యా!" బోట్‌రైట్ కూడా చప్పట్లు కొట్టాడు.

రాయిస్ అందరి ముఖాలూ చూశాడు. తనను చూసి జాలిపడుతున్నారు. నిజంగానే జాలిపడుతున్నారు! వీళ్ల పళ్లన్నీ పీకింది తనే. రేపట్నుంచి ఆ కుర్చీలో పడుకుని, పైకి చూస్తూ, బీరువాలు మోసేవాడి కొడుకు అనుకుంటారు.  రాయిస్ మైకు లాక్కున్నాడు.

"సభ్యులారా! మా అమ్మకు పెద్దతనం వచ్చింది. ఏదేదో మాట్లాడుతోంది. ఆ మేడ మాదే! ఆ పింగాణీ మాదే! మా నాన్న ఏనాడూ పుల్ల కూడా ఎత్తి ఎరగడు! నేను తిన్నవి ఆల్చిప్పలే!"

"అలాగైతే పేరు కొట్టేయాలి కదయ్యా," అన్నారు జడ్జిగారు తెల్లబోయి.

"కొట్టేయండి!"

బోట్‌రైట్ ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. రాయిస్ తల్లిని చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్లి కారెక్కించాడు. కారు ఊరు దాటింది.

"నలుగురిలో అలా చెప్పొచ్చా అమ్మా?" అన్నాడు.

ఆర్డెల్ అమ్మగారు కొడుకు వైపు తిరిగి, ఎన్నడూ లేనంత ముద్దుగా చూసింది.

"పేదవాళ్లమని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నావని విని, నా పెంపకం మట్టిగొట్టుకుపోయిందని కుమిలిపోయానురా. ఇవాళ బెంగ తీరింది. అచ్చం నా కొడుకువే!"