ఆరు మీటర్ల నల్ల పైపు

ఆ రోజు హజరత్తయ్య వేసుకున్న లెక్క చాలా సులువైనది. ఆరింటికి కొట్టు తెరవాలి. బేరాలు మొదలయ్యేలోగా జీపుకు సరిపడే పైపు ఎంచుకోవాలి. తొమ్మిదికల్లా మెకానిక్ జకరయ్య చేత బిగింపించాలి. పదకొండుకు ఉప్పుటేరు దాటి, అత్తగారి గడప ముందు హారన్ కొట్టి, ప్రేమలీలను ఎక్కించుకుని రావాలి. మధ్యాహ్నం అన్నంలోకి ఆమె పులుసు పెడుతుందా, పచ్చడితో సరిపెడుతుందా అన్న ఒక్క సంగతే ఆ లెక్కలో తేలలేదు.

ఆమె పుట్టింట్లో ఉండిపోయి పన్నెండు రోజులైంది. పన్నెండు రోజులుగా అతను పొద్దున్నే అలవాటు కొద్దీ రెండు గ్లాసుల్లో టీ పోస్తున్నాడు. రెండోది చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చుని, చివరికి తనే తాగేస్తున్నాడు. కోట అనే ఆ ఊళ్లోని రొయ్యల గుంటలన్నిటికీ పైపులు అమ్మే మనిషి. కోస్తే అంగుళం ఎక్కువ ఉండదు, అంగుళం తక్కువ ఉండదు. అలాంటివాడికి టీ కొలత తప్పుతోందంటే సంగతి ఎంత ముదిరిందో చూసుకోండి.

గొడవంతా జీపు తెచ్చింది. నాలుగు చక్రాలూ లాగే బండి, ఏరు ఎంత నిండినా ఆగదు అని అత్తవారి ఊళ్లో గొప్పలు చెప్పుకున్నాడు. ఏరు సముద్రంలో కలిసే మొగ ఇసకతో పూడిపోయి, ఏరు దాటే చప్టా మీద తొడలోతు నీళ్లు నిలిచినా నెలల తరబడి అందులోంచే తిరిగాడు. మామ చెంచయ్య గుంటలో రొయ్యలు పట్టించి, నీళ్లు తోడించి, గుంట ఎండగట్టిన రోజు సాయంత్రం భార్యతో తిరిగి వస్తున్నాడు. చప్టా నడిమధ్యలో వెనక ఇరుసు కీచుమని అరిచి బిగుసుకుపోయింది. గట్టు మీద ఆమె ఊరంతా చేరింది. వల వెయ్యమంటారా అని ఒకాయన అడిగాడు.

ప్రేమలీల కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నీళ్లలోకి దిగింది. "ఈ బండి నీళ్లల్లో ఆగకుండా నా గడప దాకా వచ్చిననాడు నీ ఇంటికి వస్తా. అందాకా నన్ను పిలవబాక," అని వెనక్కి నడిచిపోయింది.

ట్రాక్టరుతో లాగించి జకరయ్య దగ్గర విప్పిస్తే, ఇరుసులోంచి గేర్ ఆయిల్ మజ్జిగలా కారింది.

"అన్నా, ఇరుసు మధ్యలో ఈ గుండు ఉంది చూడు, ఇదే డిఫరెన్షియల్. దీనికి గాలి ఆడేదానికి పైన చిన్న బొక్క ఉంటాది, బ్రీదర్ అంటాం. తిరిగి తిరిగి కాలిపొయ్యి ఉన్నది చల్లనీళ్లలో దిగితే లోపల గాలి ముడుచుకుంటాది. ఆ బొక్కలోంచి నీళ్లు పీల్చేస్తాది. రెండు ఇరుసులకీ రెండు పైపులు తగిలించి బానెట్ పైకి తెచ్చినామంటే ఇంక నీళ్లు అందవు. పైపు నువ్వే తీసిపెట్టు. నీకాడ లేని పైపా!" అన్నాడు జకరయ్య, కొత్త బేరింగులు వేస్తూ.

చిక్కు అక్కడే ఉంది. ఒక్క రకమే ఉంటే అదే తీసుకునేవాడు. కొట్లో పద్నాలుగు రకాలు ఉన్నాయి. ఇన్నేళ్లూ ఏ పైపు మంచిదని అడిగినవాళ్లకు, అన్నీ మంచివే అని చెప్పాడు. ఇప్పుడు అడుగుతున్నది తనే.

కొట్టు ముందు కిరసనాయిలు స్టవ్ పెట్టి, గిన్నెలో గేర్ ఆయిల్ కాచాడు. ఆ ధ్యాసలో తాగడం మరిచిన రెండో టీ గ్లాసు కొట్టు బల్ల మీదే ఉండిపోయింది. మేస్త్రీలు మట్టం చూసే తెల్ల ట్యూబు ముంచితే ఉడికిన సేమ్యాలా మెత్తబడింది. చెట్లకు నీళ్లు పట్టే పచ్చ పైపు వంచగానే నొక్కుకుపోయి గాలి ఆడలేదు. చివరికి డీజిల్ బండ్లకు వేసే నల్ల రబ్బరు పైపు తీశాడు. నూనెకు ఉబ్బలేదు, వేడికి లొంగలేదు, వంచినా ఊదితే గాలి బుస్సుమని అవతలికి వచ్చింది. పన్నెండు రోజుల తర్వాత హజరత్తయ్య నవ్వాడు.

ఆ నవ్వును పెంచల్ చూశాడు.

పెంచల్‌కు ఆరు రొయ్యల గుంటలు ఉన్నాయి. నీళ్లలోకి గాలి ఊదకపోతే రొయ్య బతకదు. రొయ్యల సాగులో ఒక పద్ధతి ఉంది: తన గుంటలో ఏం వేశాడో ఎవడూ నిజం చెప్పడు, పక్కవాడు ఏం వేశాడో కనిపెట్టి అదే వేయకుండా ఎవడూ నిద్రపోడు.

"ఏందన్నా ఆ పైపు? కాస్తన్నావు, ఊదతన్నావు!"

"జీపుకు పెంచలూ."

"జీపుకా!" పెంచల్ కన్ను గీటాడు. "పోయిన పంటకి నేను గుంటలో మందు కలపతా బెల్లం నీళ్లని చెప్పలా? అట్టా ఉంది నీ జీపు. గాలి బాగా ఆడతాందా?"

"ఆడతాంది. అయితే అది..."

"చాలన్నా. ఇంకేం చెప్పబాక. ముప్పై మీటర్లు కొయ్యి."

హజరత్తయ్య లెక్క వేసుకున్నాడు. చుట్టలో వంద మీటర్లు ఉంది. జీపుకు ముందు రెండు, వెనక నాలుగు, మొత్తం ఆరు చాలు. వచ్చిన బేరం ఎందుకు పోగొట్టుకోవాలి? కోసి ఇచ్చాడు.

పావుగంటలో ఇంకో నలుగురు వచ్చారు. పెంచల్ ఎవరికీ చెప్పలేదు. ముప్పై మీటర్ల పైపును పంచెలో దాచుకుని పరిగెత్తాడంతే. అది చాలు. ఎనిమిదింటికి కొట్టు ముందు మోటారు సైకిళ్లు పట్టలేదు. హజరత్తయ్య కంగారుపడి ఆరు మీటర్లు కోసుకుని, చుట్టి, తాను కూర్చునే పీట కింద పెట్టుకున్నాడు. ఆ దాచుకోవడం అందరూ చూశారు. మిగిలిన పైపు పది నిమిషాల్లో అయిపోయింది.

"ఆ పీట కింద ఉండేది గూడా తియ్యన్నా!"

"అది అమ్మేది కాదబ్బా, జీపుది!"

"అమ్మడంట!" అన్నాడు పెంచల్. ఇంకో ముప్పై మీటర్ల కోసం మళ్లీ వచ్చాడతను. "అంటే అసలు సరుకు అదే!"

తొమ్మిదయింది, పదయింది. జకరయ్య పానాలు పట్టుకుని వచ్చి, జనాన్ని దాటలేక వెనక్కి పోయాడు. ఇలా లేస్తే పీట కింది పైపు పోతుంది, కూర్చుంటే పదకొండు గంటల వేళ పోతుంది. హజరత్తయ్య కూర్చునే, ఏరు ఉన్న దిక్కుకు చూస్తూ ఉండిపోయాడు.

పీట కింద ఆరు మీటర్లు దాచాడన్న కబురు అప్పటికే ఏరు దాటినట్టుంది. అంతలో జనం రెండుగా చీలారు. ఆటో దిగి ప్రేమలీల వచ్చింది. చీర అంచు మోకాళ్ల దాకా తడిసి ఉంది.

"నల్ల పైపు ఆరు మీటర్లు కావాల. మా నాయన గుంటకి."

హజరత్తయ్య ఆ తడి అంచు చూశాడు. "పడవలో వచ్చినావా?"

"పైపు కోసం వచ్చినా. జీపు వస్తేనే ఇంటికి వస్తానన్నా గాని, కొట్టుకి రానన్లా."

"ఉండేదే ఆరు మీటర్లు, మే. అది జీపుకి."

"చూసినారా! కట్టుకున్నదానికి గూడా జీపనే చెప్తన్నాడు!" అన్నాడు పెంచల్ మెచ్చుకోలుగా.

"జీపుకి దేనికి?" అంది ప్రేమలీల.

కొట్టు పెట్టాక ఇంతమంది ముందు హజరత్తయ్య ఒక్క సొంత మాట మాట్లాడలేదు. "నిన్ను తోడుకోని వచ్చేదానికి," అన్నాడు. అన్నాక గుర్తొచ్చింది. "అయినా మీ నాయన గుంట ఎండగట్టి పన్నెండు రోజులేగా. చుక్క నీళ్లు లేవు. పైపు ఎందుకు?"

ప్రేమలీల కొలత టేపు తీసి దాన్నే చూడసాగింది. "ఇస్తావా, ఇవ్వవా?"

ఇరవై ఏళ్లుగా బేరాలు చూసినవాడు. సరుకు అక్కర్లేకుండా ఏరు దాటి వచ్చిన కొనుగోలుదారు దేనికి వచ్చినట్టో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. లేచి పీట కింది చుట్ట తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఎండిన గుంటకే తీసకపోతాందంటే, నీళ్లు పెట్టకముందే పరచాలన్నమాట!" అని పెంచల్ బండెక్కాడు. అతని వెనకే అందరూ పరిగెత్తారు.

కొట్టు ముందు ఇద్దరే మిగిలారు. ప్రేమలీల పైపు విప్పి, కొట్టు పక్కనే నిలిపిన జీపు వెంట పరిచి చూసింది.

"సరిగ్గా కోసినావు. చక్రం గుంతలో పడితే ఇరుసు కిందికి జారదా? పైపు ఊడి రాదా? వదులేదీ? పందొమ్మిదేళ్లుగా చూస్తన్నా, జానెడు వదులిచ్చిన రోజు లేదు."

"ఇంక పైపు లేదు మే."

"అయితే జీపు రాదు."

"రాదు."

"పడవా పొయ్యింది," అంది ఆమె. బల్ల మీద చల్లారిపోయిన గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగింది. "చక్కెర ఎక్కువైంది," అని, మిగతాది కూడా తాగి, ఇంటి తాళం కోసం చెయ్యి చాపింది.

జీపు ఇంతవరకు ఏటిలో దిగలేదు. హజరత్తయ్య ఇప్పుడు ప్రతి బేరానికీ జానెడు వదులు కలిపి కోస్తున్నాడు. ఆ నల్ల పైపు దేనికని ఎవరు అడిగినా జీపుకని నిజమే చెబుతాడు. వారం తిరక్కుండా మరో చుట్ట తెప్పించాల్సి వస్తోంది.