నిదానం గారి ఆఖరి ఫ్లైట్

ఆ ఉదయం నిదానం వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. తొమ్మిదింటికి రికార్డుల గదికి వెళ్ళి, ఇప్పటిదాకా తాను ఎన్ని గంటలు విమానం నడిపాడో ఒక కాగితం మీద రాయించుకోవాలి. పదింటికి, మరమ్మతు నుంచి వచ్చిన పాత సరుకు విమానాన్ని ఓ చుట్టు తిప్పి దించాలి. పన్నెండు లోపల, వాయుసేన ఉద్యోగం వదిలెయ్యాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. మొదటి రెండూ అతనికి చేతనైన పనులే.

నిదానం అతని పేరు కాదు. ఇంటికి తాళం వేసేటప్పుడు కూడా "గ్యాసు?" "కట్టేశాను." "కుళాయి?" "కట్టేశాను." అని తనే అడిగి తనే జవాబు చెప్పుకునే మనిషి కాబట్టి దళంలో కుర్రవాళ్ళు ఆ పేరు తగిలించారు. విమానంలో ఒకరు తనిఖీ పట్టిక చదవడం, పక్కవాడు జవాబు చెప్పడం పైలట్లందరికీ అలవాటే. ఇతనికి అది నేలమీద కూడా వదల్లేదు.

పదహారేళ్ళ సర్వీసు, ఎనిమిది ఊళ్ళు, తొమ్మిది క్వార్టర్లు. కూతురు ఆరు బళ్ళు మారింది. ఇప్పుడున్న ఊళ్ళోనే పెద్ద విమానాశ్రయం ఉంది, అక్కణ్ణించి నడిచే ఓ ఎయిర్‌లైన్ "వచ్చెయ్యండి" అని ఉత్తరం రాసింది. వెళితే ఇక ఊరు మారక్కర్లేదు. కానీ వాయుసేన వదలదలచినవాళ్ళు ఏడాదికి ఒక్క రోజే, మధ్యాహ్నం పన్నెండు లోపలే కాగితం ఇచ్చుకోవాలి. ఆ రోజు ఇదే. కాగితం నెల కిందటే తెచ్చుకున్నాడు. దాని మీద తన పేరు రాశాడు. సంతకం దగ్గర ఆగాడు.

"ఇవాళైనా తేలుస్తారా?" అంది భార్య కాఫీ ఇస్తూ.

"చూద్దాం."

"నెల నుంచీ చూస్తూనే ఉన్నారు. కళ్ళు నొప్పెట్టడం లేదూ?"

"నువ్వేమంటావు?"

"నేననేదేముందండీ. వెళ్ళినా సర్దేది నేనే, ఉన్నా సర్దేది నేనే. ఏదో ఒకటి చెబితే సామాన్లు కట్టే తాళ్ళు ఎప్పుడు కొనుక్కోవాలో తెలుస్తుంది."

కూతురు తలెత్తకుండా బడిసంచీ సర్దుకుంటోంది. పోయిన వారం దాన్ని "కొత్త బడిలో నీ స్నేహితురాళ్ళెవరమ్మా?" అని అడిగితే, "ఎందుకు నాన్నా, ఎలాగూ వెళ్ళిపోతాంగా" అంది. కోపం లేదు, ఏడుపు లేదు, టైమెంతంటే చెప్పినట్టు చెప్పింది. ఆ మాట చేపముల్లులా అతని గొంతులో ఉండిపోయింది. అలాగని పదహారేళ్ళు చేసిన పని వదలడానికీ మనసొప్పడం లేదు. అన్నిటికీ మించి అలిసిపోయాడు. అలిసిపోయినవాడికి నిర్ణయం తీసుకోవడమూ ఒక బరువే.

రికార్డుల గుమాస్తా మంచివాడు. కాకపోతే నోట్లో నువ్వుగింజ నానదు.

"మొత్తం గంటలా సార్?"

"ఊఁ. ఊరికే. బీమావాళ్ళు అడిగారు."

"పోయినేడాది ఒకాయన్ని కూడా బీమావాళ్ళే అడిగార్సార్. ఇప్పుడాయన ఎయిర్‌లైన్‌లో ఉన్నారు."

"నాది నిజంగా బీమాయేనయ్యా."

"అలాగే సార్," అన్నాడు గుమాస్తా, చావు కబురు విన్నవాడిలా తల పంకిస్తూ. నాలుగు వేల మూడు వందల పన్నెండు గంటలని రాసి, ముద్ర వేసి, రెండు చేతులతో అందించాడు.

తరవాత జరిగిందంతా నిదానానికి ఆలస్యంగా తెలిసింది. ఆఖరిసారి విమానం దించిన పైలట్‌ను ఫైరింజను గొట్టంతో నిలువునా తడపడం దళంలో ఆచారం. గుమాస్తా లెక్క తేలిక: పన్నెండు దాటితే ఈయన మనవాడు కాడు, ఈయనకి పదింటికి ఫ్లైటుంది, కాబట్టి ఆఖరిది అదే. వెంటనే ఫైర్ సెక్షన్‌కి ఫోన్ చేశాడు. ఫైర్ సెక్షన్ క్యాంటీన్‌కి చెప్పింది. క్యాంటీన్‌కి చెప్పాక ఇక ఎవరికీ చెప్పనవసరం లేదు.

"నిదానం సార్ వెళ్ళిపోతున్నారట!" అన్నాడొక పైలట్ కప్పు కింద పెట్టి.

"చెప్పులు కొనడానికి నాలుగు నెలలు ఆలోచించే మనిషిరా! ఆయనే తేల్చుకున్నారంటే మనకి తెలియందేదో ఆయనకి తెలిసే ఉంటుంది."

"అయితే మనం ఇంకా ఇక్కడేం చేస్తున్నట్టు?"

ఒక్కొక్కరే లేచి రికార్డుల గది వైపు నడిచారు.

ఇవేవీ తెలియని నిదానం, సంతకం లేని ఆ కాగితాన్ని తొడజేబులో పెట్టుకుని పదింటికి విమానమెక్కాడు. కుడి సీట్లో కూర్చున్న కోపైలట్ అదే పనిగా అతని వంక చూసి ముసిముసిగా నవ్వుతున్నాడు. అడిగితే "ఏం లేద్సార్" అన్నాడు. ఇంజన్లు బుద్ధిగా పనిచేశాయి. పైన ఉన్న ముప్పావుగంటా నిదానం దేని గురించీ ఆలోచించలేదు. నెల రోజుల్లో అతనికి దొరికిన విశ్రాంతి అదొక్కటే.

చక్రాలు నేలను తాకగానే కంట్రోల్ టవర్ నుంచి గొంతు వినిపించింది. "అభినందనలు సార్. మీలాంటివాళ్ళతో పనిచేయడం మా అదృష్టం."

నిదానం కనుబొమలు ముడిపడ్డాయి. పదహారేళ్ళుగా దించుతూనే ఉన్నాడు, ఎవరూ ఎన్నడూ అభినందించలేదు. ఇవాళ క్షేమంగా దిగడమే గొప్పయిందంటే ఏదో తేడా జరిగి ఉండాలి. పక్కకి చూశాడు. ఎర్ర దీపం గిరగిరా తిరుగుతూ ఫైరింజను విమానంతో సమానంగా పరుగెత్తుకొస్తోంది. పైలటన్నవాడు ఫైరింజనును చూసి ముందు అనుకునేది ఒకటే.

"మంట! ఇంజన్లు ఆపు!"

"సార్, అది కాదు..."

"పట్టికలో 'అది కాదు' అన్న జవాబు లేదు! ఇంధనం?"

"కట్టేశాన్సార్, కానీ..."

"దిగు!"

పదహారేళ్ళ శిక్షణ అంటే మాటలా? ఇరవై సెకన్లలో లోపలున్న సిబ్బందినందరినీ దించి, కెప్టెన్‌ కాబట్టి అందరికన్నా చివర తను దూకి, చేతులు రెండూ పైకెత్తి "దూరం పొండి! దూరం పొండి!" అని అరుస్తూ పరుగెత్తాడు. చేతులెత్తి ఎదురొస్తున్న మనిషిని చూసి ఫైర్‌వాళ్ళు మురిసిపోయారు. ఇంత ఉత్సాహంగా తడవడానికి వచ్చినవాణ్ణి వాళ్ళు మునుపు చూడలేదు. గొట్టం మీట పూర్తిగా తిప్పారు.

నీళ్ళు ఆగేసరికి చుట్టూ చప్పట్లు. టోపీ ఎటు పోయిందో తెలియదు. విమానం రన్‌వే నడిమధ్యలో నోరు తెరుచుకుని నిలబడి ఉంది, దిగాల్సిన రెండు విమానాలు పైన చక్కర్లు కొడుతున్నాయి.

"ఏమిటిది?" అన్నాడు నిదానం.

"మీ ఆఖరి ఫ్లైట్ సార్!"

"ఎవరు చెప్పారు?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిదానం తొడజేబులో చెయ్యి పెట్టాడు. కాగితం ముద్దయి వేళ్ళకు అంటుకుంది.

బట్టల గదిలో ఫోన్ తీస్తే పదకొండు మిస్డ్ కాల్స్. పదకొండూ భార్యవే.

"ఊరందరికీ చెప్పి నాకు మాత్రం చెప్పలేదన్నమాట," అంది ఆమె. గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువ. "మీ కోపైలట్ వాళ్ళావిడ ఫోన్ చేసి అభినందనలు చెబితే వెర్రిదానిలా 'దేనికండీ?' అన్నాను."

"నేనింకా సంతకమే పెట్టలేదు."

"మరి నీళ్ళెందుకు పోశారు?"

"పోశారు. అంతే."

"నేను బడికి ఫోన్ చేసి అమ్మాయికి చెప్పేశానండీ. ఇక ఊరు మారమని."

"ఏమంది?"

"నేరుగా వెళ్ళి వచ్చే ఏడాది చదరంగం జట్టులో పేరు రాయించుకుందిట. వాళ్ళ టీచరు చెప్పారు."

నిదానం బల్లమీద కూలబడ్డాడు. ఏ బళ్ళోనూ వచ్చే ఏడాదికి పేరు రాయించుకోని పిల్ల. నెల రోజులుగా తేలనిది ఆ బల్లమీద తేలిపోయింది. గడియారం చూశాడు. పదకొండూ ముప్పావు.

రికార్డుల గదికి నీళ్ళోడుతూ వెళ్ళాడు. "ఇంకో కాగితం ఇవ్వవయ్యా."

"అయిపోయాయి సార్," అన్నాడు గుమాస్తా భయంభయంగా. "అవి నంబర్లు వేసిన కాగితాలు. ఏడే పంపుతారు. ఒకటి మీరు తీసుకున్నారు. ఒకటి పెద్దసార్ పట్టికెళ్ళారు. అయిదు ఇవాళే పోయాయి. ఆ అయిదూ సంతకాలతో తిరిగొచ్చేశాయి కూడా సార్. మీ కోపైలట్‌ది కాస్త తడిగా ఉంది."

"వాడు కూడానా?"

"మీరు వెళుతున్నారని అందరికీ ధైర్యం వచ్చింద్సార్."

పెద్దసారంటే దళాధిపతి. నిదానం ఆయన గదికి వెళ్ళి తలుపు తీసేసరికి ఆయన బల్లమీద ఆ అయిదు కాగితాల నకళ్ళు పరుచుకుని కూర్చున్నారు.

"పదహారు మందిలో అయిదుగురు, ఒక్క పూటలో. ఏం ఉపన్యాసం ఇచ్చావయ్యా వాళ్ళకి?"

"గంటలు లెక్కపెట్టించుకున్నాన్సార్. అంతే."

"రన్‌వే మీద విమానం వదిలేసి వచ్చావట?"

"మంటేమో అనుకున్నాన్సార్."

దళాధిపతి అతన్నీ, తివాచీ మీద మడుగునూ మార్చి మార్చి చూశారు. తిట్టడానికి ఆయనకీ ఓపిక లేదు. "నిజం చెప్పు. వెళ్ళాలనుందా?"

"విమానం వదలాలని లేద్సార్. ఊరు వదలాలని లేదు. మా అమ్మాయికి మళ్ళీ మాట తప్పలేను. అలిసిపోయాన్సార్."

ఆయన సొరుగు లాగి ఒక ఖాళీ కాగితం తీశారు. "ఇది నా కోసం తెచ్చుకున్నాను. వారం నుంచీ పేరు రాద్దామని కూర్చుంటున్నా, ఎవడో ఒకడు తలుపు కొడుతున్నాడు. అయిదుగురు పోయాక నేనెక్కడికి పోతాను? నువ్వైనా బాగుపడు."

నిదానం జీవితంలో మొదటిసారి ఏ పట్టికా చదువుకోకుండా సంతకం పెట్టాడు. కారిడార్లో జారుతూ పరుగెత్తాడు. గుమాస్తా ముద్ర కొట్టేటప్పటికి పన్నెండుకి రెండు నిమిషాలు. ముద్ర కొట్టాక గుమాస్తా మొహం పాలిపోయింది.

"సార్... ఏడాదికి అయిదుగురినే వదులుతారు. ఇచ్చిన వరసలో. మీది ఆరోది."

"మరి ఏడు కాగితాలెందుకు పంపుతారు?"

"ఇద్దరు తప్పులు రాసి పాడుచేస్తారని సార్."

సాయంత్రం ఇంటికి వెళ్ళి అమ్మాయికి ఏం చెప్పాలి అన్నదొక్కటే నిదానానికి మిగిలింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒళ్ళంతా తడిసే ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

తప్పు చేసినవాడు ఊరుకోలేడు. గుమాస్తా నిబంధనల పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పి, ఒక పేజీ దగ్గర వేలు పెట్టాడు. "దళంలో నాలుగోవంతు కన్నా ఎక్కువమంది ఒకేసారి వెళ్ళిపోతే, కొత్తవాళ్ళు తయారయ్యేదాకా, అంటే మూడేళ్ళు, మిగిలినవాళ్ళని బదిలీ చెయ్యకూడదు."

"మళ్ళీ చదువు."

చదివాడు.

"ఇంకోసారి."

"మూడేళ్ళపాటు మిమ్మల్ని ఈ ఊరినుంచి కదిపే అధికారం ఎవరికీ లేద్సార్. మీరడిగినా కదపరు."

ఊరు మారకూడదని ఉద్యోగం వదలబోయిన మనిషి, ఉద్యోగం వదలకుండానే అదే ఊళ్ళో మిగిలాడు.

సాయంత్రం భార్య గుమ్మంలోనే అడిగింది. "ఉద్యోగం ఉందా, పోయిందా?"

"ఉంది."

ఆమె మొహం వాడిపోయింది. "ఊరు?"

"ఇదే. మూడేళ్ళు."

కూతురు లోపల్నించి వచ్చింది. "నిజంగానా నాన్నా? రాసుందా?"

"రాసుందమ్మా. మూడుసార్లు చదివించుకున్నాను."

అది చాలాసేపు అతని మొహంలోకి చూసి, లోపలికి వెళ్ళి తరగతి ఫొటో తెచ్చింది. అందులో తన పక్కనున్న పిల్లను వేలితో చూపించి, పేరు చెప్పింది. ఆ రాత్రి భోజనాల దగ్గర అది మాట్లాడినంతసేపూ మొగుడూ పెళ్ళాలిద్దరూ మెతుకు ముట్టలేదు.

ఫొటోని గోడకు తగిలించుకునేందుకు, ప్రభుత్వ క్వార్టర్‌లో ఒక మేకు కొట్టుకోవడానికి అనుమతి కోరుతూ నిదానం పెట్టుకున్న దరఖాస్తు నాలుగు నెలలుగా పై అధికారుల పరిశీలనలో ఉంది.